వాలీబాల్‌లో సెట్ నిలకడగా పడాలంటే ముందు కాళ్లు చూసుకోండి

ఎడమవైపు స్మాషర్‌కి కొట్టడానికి ఎత్తి పెట్టే బంతి, అంటే సెట్, ఒకసారి చక్కగా పడుతోంది, ఇంకోసారి నెట్ మీదికి పోతోంది, చేతుల్లో ఏం మార్చుకోవాలి అని అడిగారు. నేను ఆడి, నేర్పి చూసినంతలో ఈ తేడా చేతుల్లో కంటే కాళ్లలోనే ఎక్కువ.

పాస్, అంటే తోటి ఆటగాడు మీకు అందించే బంతి, దిగేలోపే దాని కిందికి చేరి ఆగాలి. పరుగులో ఉండగానే చేతులు చాచి అందుకుంటే ఆ ఊపు బంతికి ఎక్కుతుంది, అది మీరు అనుకున్న చోటికి పోదు. ఆగాక ఎడమ యాంటెన్నా (నెట్ అంచున నిలబెట్టే కడ్డీ) వైపు తిరగండి, అంటే నెట్ మీ కుడి భుజం పక్కన ఉంటుంది. కుడి పాదం అరడుగు ముందుండాలి. అప్పుడు నడుము కాస్త మన కోర్టు వైపు తిరిగి ఉంటుంది కాబట్టి బంతి నెట్ మీదికి జారదు. ఎడమ పాదం ముందుకొస్తే సరిగ్గా దీనికి వ్యతిరేకం. మీ సమస్య చాలావరకు ఇక్కడే ఉంటుందని నా అనుమానం.

చేతుల సంగతికొస్తే, బంతి నుదుటికి కాస్త పైన తగలాలి. బొటనవేళ్లు ముందుకు కాదు, మీ కళ్ల వైపు చూడాలి. బరువు బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్ల మీద పడాలి, మిగతా రెండూ పక్కలు ఆపితే చాలు. అరచేతికి తగలకూడదు. బంతి గిర్రున తిరుగుతూ వెళ్తోందంటే ఒక చేయి ముందుగానో గట్టిగానో తగిలినట్టే. డబుల్ టచ్ (ఒకే ఆటగాడు వరుసగా రెండుసార్లు తాకడం) విజిల్ పడేది ఎక్కువగా అలాంటప్పుడే. బలం మోకాళ్ల నుంచి రావాలి, మణికట్టుతో విసరకండి.

హై బాల్ (ఎత్తుగా పెట్టే సెట్) అయితే నెట్ పైన రెండు, మూడు మీటర్లు లేచి, నెట్‌కి అర మీటరు నుంచి మీటరు దూరంలో, యాంటెన్నాకి కాస్త లోపల దిగాలి. అనుమానంగా ఉంటే దూరంగానే పెట్టండి. దూరమైన బంతిని స్మాషర్ ఏదోలా సర్దుకుంటాడు, నెట్‌కి అతుక్కున్నది అవతలి జట్టు బ్లాకర్ చేతుల్లోకే పోతుంది. పాస్ మూడు మీటర్ల గీత వెనక ఆగిపోతే క్విక్ (నెట్ దగ్గర తక్కువ ఎత్తులో వేగంగా ఇచ్చే సెట్) జోలికి పోకండి, పక్కకి ఎత్తుగా ఇచ్చేయండి.

ప్రాక్టీసులో కొన్ని బంతులు ఎవరూ కొట్టకుండా కింద పడనివ్వండి, ఎక్కడ పడుతున్నాయో తెలుస్తుంది. కొట్టేటప్పుడు స్మాషర్‌ని గమనించండి. కొట్టాక నెట్ తాకుతున్నాడా, బంతి దగ్గరైంది. గాల్లో వెనక్కి వాలుతున్నాడా, బంతి అతని తల వెనక్కి పోయింది.