బయటపడితే చాలు అనుకునే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. విడాకుల్లో ఇల్లు నీ భర్తకే రాసిచ్చేస్తానని, "నాకేమీ వద్దు, బయటపడితే చాలు" అన్నావని చెప్పాడు. వినగానే గర్వంగా అనిపించింది. ఎవరి ముందూ చెయ్యి చాచే పిల్లవి కాదు నువ్వు, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ తర్వాత మాత్రం తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. 22 ఏళ్ల కిందట నేనూ అచ్చం ఇదే మాట అన్నాను. ఫోన్‌లో మొదలుపెడితే ఇద్దరం ఏడుస్తాం, అసలు విషయం పక్కకు పోతుంది. అందుకే రాస్తున్నాను.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. దస్తావేజులు, అప్పు కాగితాలు, పన్ను రసీదులు అన్నీ ఫోటోలు తీసి నీ దగ్గర పెట్టుకో. డౌన్ పేమెంట్ ఎవరి ఖాతాలోంచి వెళ్లిందో, ఈఎంఐ ఎవరి జీతంలోంచి పోతోందో తెలిపే బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా తీసిపెట్టు. ఇంటి విలువ కట్టడానికి మీ ఇద్దరికీ సంబంధం లేని మనిషిని పిలువు. లాయరును అడగకుండా ఇల్లు ఖాళీ చెయ్యకు. అతను చెయ్యి చేసుకునే పరిస్థితి ఉంటే మాత్రం ఇవేవీ చూడకు, పాపను తీసుకుని అదే నిమిషం వచ్చెయ్.

ఇక నా సంగతి. నీకెప్పుడూ చెప్పలేదు, మీ నాన్నకు కూడా సగమే తెలుసు.

నేనూ నా అప్పటి భర్తా ఉన్న ఇంట్లో హక్కు ఇద్దరిదీ, అప్పూ ఇద్దరి పేరు మీదే. గొడవలతో విసిగిపోయాను. లాయరు ఏదో చెప్పబోతుంటే "కాగితాల్లోంచి నా పేరు తీసేయండి, అంతే చాలు" అన్నాను. నా వాటా వదులుకుంటున్నట్టు రాసి తెచ్చారు. చదవలేదమ్మా. సంతకం ఎక్కడో చూసుకుని పెట్టేశాను. అప్పు మొత్తం అతనే కట్టుకోవాలని విడాకుల తీర్పులోనే ఉంది కదా, ఇంక నాకేం భయం అనుకున్నాను. ఆరోజు మెట్లు దిగుతుంటే ఒళ్లంతా తేలికైపోయింది. ఆ తేలికే నన్ను మోసం చేసింది.

నాలుగేళ్లయింది. రెండు గదుల చిన్న ఫ్లాట్ చూసుకున్నాను, నాకంటూ ఒక ఇల్లు. అద్దె ఇంట్లో అన్నేళ్లున్నా రాత్రి లేస్తే నా చెయ్యి ఎడమవైపు గోడ మీదకే వెళ్లేది. పాత ఇంట్లో స్విచ్ అక్కడుండేది. ఈసారి స్విచ్‌లు ఎక్కడ పెట్టించుకోవాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి, నెమ్మదిగా స్క్రీన్ నావైపు తిప్పింది. పాత ఇంటి అప్పు ఇంకా నా పేరు మీద ఉంది. ఏడు నెలల వాయిదాలు కట్టలేదు. అతని ఉద్యోగం పోయిందట. నాకెవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు.

తీర్పు కాపీ తీసి చూపించాను. ఆ అమ్మాయి పాపం ఎంతో మర్యాదగా చెప్పింది. "అమ్మా, ఇది మీ ఇద్దరి మధ్య జరిగింది. బ్యాంకు ఇందులో లేదు. అప్పు తీసుకున్నప్పుడు ఇద్దరూ సంతకం పెట్టారు, ఇద్దరినీ అడుగుతాం." ఇంటి మీద నాకు హక్కు లేదు, ఇంటి అప్పు మాత్రం నాది. ఫ్లాట్ చేజారింది. దానికోసం దాచిన డబ్బులోంచే ఆ ఏడు వాయిదాలూ కట్టాను. చివరికి అతను ఆ ఇల్లు అమ్మి అప్పు తీర్చాకే నా పేరు విడుదలైంది. ఈలోగా నా వయసు పెరిగింది, కొత్తగా 20 ఏళ్ల అప్పు ఇచ్చేవాళ్లు లేకపోయారు. నేనిప్పటికీ అద్దె ఇంట్లో ఎందుకున్నానని నువ్వొకసారి అడిగావు, గుర్తుందా? ఇదమ్మా కారణం.

అందుకే చెబుతున్నాను, హక్కు వేరు, అప్పు వేరు. హక్కు వదులుకునే సంతకం పెట్టేరోజే అప్పులోంచి నీ పేరు తీసేసినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అతను తన ఒక్కడి పేరు మీద కొత్త అప్పు తీసుకుని పాతది మూసేస్తే ఇంకా నయం. అతని ఒక్క జీతానికి బ్యాంకు ఒప్పుకోదంటే, ఆ ఇల్లు ఉంచుకునే స్తోమత అతనికి లేదన్నమాటే. అప్పుడు అమ్మి పంచుకోవడమే దారి.

"ఐదేళ్లేగా కట్టాం, అందులో నాదెంత ఉంటుందిలే" అన్నావట. లెక్క చూడు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పయితే మొదటి ఈఎంఐలో 100కి 83 వడ్డీకే పోతుంది. ఐదేళ్లు కట్టినా అసలులో 100కి దాదాపు 89 అలాగే ఉంటుంది. నువ్వన్నట్టే, తీరిన అప్పు తక్కువే. కానీ వాటా అంటే తీరిన అప్పొక్కటే కాదు తల్లీ. ఇంటి విలువలోంచి మిగిలిన అప్పు, అమ్మకం ఖర్చులు, పన్ను తీసేస్తే ఏది మిగులుతుందో అది. మీరు మొదట పెట్టిన డబ్బు, పెరిగిన ధర అన్నీ అందులో ఉంటాయి. చట్టం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పెళ్లయ్యాక కొన్నదంతా ఇద్దరిదీ అనే చోట్లున్నాయి, దస్తావేజులో పేరే చూసే చోట్లూ ఉన్నాయి. నీకు ఏది వర్తిస్తుందో లాయరు చేత కాగితం మీద రాయించుకో. "నాకేమీ వద్దు" అన్న మాట ఆ తర్వాత అను, అప్పటికీ అనాలనిపిస్తే. అందులో పాప చదువు కూడా ఉందని మర్చిపోకు.

కోపం తగ్గాక మనసు అటువైపు కూడా లాగుతుంది. ఏమైనా సరే ఇల్లు నాకే కావాలని, నీ పొదుపంతా అతనికిచ్చి గోడలు మిగుల్చుకోవాలనిపిస్తుంది. అప్పుడు నీ ఒక్క జీతంతో ఈఎంఐ, పన్ను, రిపేర్లు పోను నెలకెంత మిగులుతుందో వేసుకో. అర్ధరాత్రి మోటారు కాలిపోతే బాగుచేయించడానికి చేతిలో డబ్బుండాలి కదా.

పాప స్కూలు మార్చకూడదని కొన్నాళ్లు ఇద్దరి పేరు మీదే ఉంచుకుంటామంటే అదీ తప్పు కాదు. ఎన్నాళ్లు, ఈఎంఐ ఎవరు కట్టాలి, చివర్లో ధర ఎలా కట్టాలి, ఒకరు కట్టకపోతే ఏం చెయ్యాలి, ఇవన్నీ రాసుకోవాలి. నోటిమాట మీద మాత్రం వద్దు. అతను మంచివాడే కావచ్చు, నా అప్పటి భర్తా చెడ్డవాడు కాదు, ఉద్యోగం పోయింది అంతే. వీలునామాలు, ఇన్సూరెన్స్ నామినీలు కూడా చూసుకో.

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. ఆరోజు నా పక్కన కూర్చుని "ఆగు, ఇది చదువు" అనే మనిషి లేకపోయింది. ఇంట్లో అందరూ త్వరగా తెమిలిపోతే చాలనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

లాయరు పంపిన డ్రాఫ్ట్ నాకు ఫోటో తీసి పంపు. అర్థం కాని మాటల కింద గీతలు గీస్తాను, ఆయన్ని అవే అడుగు. సంతకాల రోజు ఏదో ముందే చెప్పు, వచ్చి పాపను నేను చూసుకుంటాను. నువ్వు తీరిగ్గా కూర్చుని ప్రతి పేజీ చదువుకో.

మీ అత్తయ్య