యూత్ ఫెస్టివల్ చిత్రకళ పోటీలు: ఆ రెండున్నర గంటల నిబంధన ఎక్కడిది, దానికి ఎలా సిద్ధం కావాలి?

మీరు అడిగినవి రెండు: యూనివర్సిటీ యూత్ ఫెస్టివల్‌లో ఏటా పెట్టే బొమ్మల పోటీలు ఎప్పటివి, ఏ యూనివర్సిటీకి వెళ్లినా అదే కాగితం, అదే సమయం ఎందుకు ఇస్తారు. ముందు చరిత్ర చెప్తాను, రెండో ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవం మొదటిసారి 1954లో ఢిల్లీ తల్కటోరా గార్డెన్స్‌లో జరిగింది. జరిపింది కేంద్ర విద్యాశాఖ. మధ్యలో చాలా ఏళ్లు ఆగిపోయింది. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలైన అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్, అంటే ఏఐయూ, 1985-86 నుంచి దాన్ని మళ్లీ పట్టాలెక్కించింది. 35వ ఉత్సవం 2020 ఫిబ్రవరిలో జరిగింది. కోవిడ్ వల్ల 36వది 2023 ఫిబ్రవరిలో గానీ కుదరలేదు, బెంగళూరు జైన్ యూనివర్సిటీలో. కాలేజీలో నెగ్గినవాళ్లు యూనివర్సిటీకి, అక్కణ్ణుంచి జోన్‌కు, అంటే చుట్టుపక్కల యూనివర్సిటీలన్నీ కలిసే ప్రాంతీయ పోటీకి, చివరికి జాతీయ పోటీకి వెళ్తారు. పైకి పంపాల్సినవాళ్లను కిందే అదే పద్ధతిలో ఎంచుకోవాలి కాబట్టి యూనివర్సిటీలు ఏఐయూ నిబంధనలనే వాడుకుంటాయి. అన్నిచోట్లా అదే కాగితం, అదే రెండున్నర గంటలు అందుకే. ఇక ఒక్కో పోటీకి ఎలా సిద్ధం కావాలో చూద్దాం.

స్పాట్ పెయింటింగ్‌కు హాఫ్ ఇంపీరియల్ షీటు, అంటే 22 × 15 అంగుళాలు. విషయం అక్కడికక్కడే చెప్తారు. షీటు నిర్వాహకులిస్తారు, రంగులు, కుంచెలు మీవి. ఆయిల్, వాటర్, పోస్టర్, పాస్టెల్ రంగులకు అనుమతి ఉంది. ఆయిల్ జోలికి మాత్రం పోవద్దు, రెండున్నర గంటల్లో కింది పొర ఆరదు, మీద వేసిన రంగు బురదలా కలిసిపోతుంది. ఇచ్చే షీటు పల్చగా ఉంటే వాటర్ కలర్ తడికి ఉబ్బుతుంది. అందుకే పోస్టర్ కలరే నమ్మకం. అక్రిలిక్ వాడాలనుకుంటే ముందే అడిగి తెలుసుకోండి.

సమయం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. విషయం వినగానే పెన్సిల్ షీటు మీద పెట్టేస్తారు, గంట తర్వాత కూర్పు కుదరలేదని తెలుస్తుంది. మొదటి ఇరవై నిమిషాలు చిత్తుకాగితం మీద అగ్గిపెట్టె సైజులో నాలుగైదు స్కెచ్‌లు వేయండి. మొదట తట్టిన ఆలోచన పక్కవాళ్లకూ తట్టే ఉంటుంది, దాన్ని వదిలేయండి. నలభై నిమిషాలకల్లా డ్రాయింగ్, గంటా నలభై ఐదుకల్లా పెద్ద రంగులన్నీ పడిపోవాలి. ముఖాలు, చేతులు లాంటి వివరాలు ఆ తర్వాతే. జడ్జీలు మొదట అన్ని బొమ్మల్నీ దూరం నుంచి ఒక చుట్టు చూస్తారు. ఆ చూపులో నిలబడేది వెలుగునీడల తేడా.

క్లే మోడలింగ్‌లో మట్టి వాళ్లిస్తారు, పనిముట్లు మీరు తెచ్చుకోవాలి. విడిగా చాచిన చేతులు తడిమట్టి బరువుకే వాలిపోతాయి. కూర్చున్న భంగిమ ఎంచుకుని, చేతులు ఒంటికి ఆనేలా చేయండి. అతికించే చోట రెండువైపులా గీతలు గీసి, మట్టినీళ్లు రాసి నొక్కాలి. నునుపు కోసం నీళ్లు ఎక్కువ రాస్తే చెక్కిన గీతలే కరిగిపోతాయి.

కొలాజ్‌కు, అంటే కాగితం ముక్కలు అతికించి చేసే బొమ్మకు, పాత పత్రికలు ఇస్తారు, కత్తెర, జిగురు మీవి. పల్చని పత్రిక కాగితం ఫెవికాల్ తడికి ముడతలు పడుతుంది, గ్లూ స్టిక్ మేలు. రంగోలికి ఒకే మాధ్యమం: రంగులైతే రంగులు, పూలైతే పూలు, ఏదీ అతికించకూడదు. బాగా వేసిన ముగ్గులో అందం కోసం గుప్పెడు పూలు చల్లి అవకాశం పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. స్పాట్ ఫొటోగ్రఫీలో మెమొరీ కార్డును జడ్జీలు ముందే ఫార్మాట్ చేయిస్తారు, ఇవ్వాల్సినవి 5 ఫొటోలు, ఫొటోషాప్ లాంటివి నిషేధం.

వయసు ఆ ఏడాది జులై 1 నాటికి 25 దాటకూడదు, పూర్తికాల కోర్సులో ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఈ ఏటి ఏఐయూ పుస్తకం మీ కల్చరల్ కోఆర్డినేటర్ దగ్గర అడిగి, మీ విభాగం పేజీ ఫొటో తీసుకోండి.