హోటల్ యాప్‌లో గోల్డ్ కోసం సొంత డబ్బు పెట్టాలా?

ప్రశ్న: ఆఫీసు పని మీద నెలకోసారి హైదరాబాద్ వెళ్తుంటాను. కంపెనీ ఎక్కువగా మారియట్ హోటళ్లలోనే రూమ్ బుక్ చేస్తుంది. తరచూ బస చేసేవారికి వాళ్లిచ్చే బాన్‌వాయ్ మెంబర్‌షిప్ యాప్‌లో ఈ ఏడాది 12 రాత్రులు జమయ్యాయి, సిల్వర్ హోదా వచ్చింది. ఇంకో 13 రాత్రులుంటే గోల్డ్ అంటోంది. డిసెంబరులోపు నా ఖర్చుతో పూర్తి చేయడం లాభమేనా?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: వద్దండి. యాప్‌లో గోల్డ్‌కి ఇంకెంత దూరమో చూపే గీత నిండుతూ కనిపిస్తుంటే ఎవరికైనా చెయ్యి ఆగదు, దాన్ని అక్కడ పెట్టిందే అందుకు. ముందు లెక్క చూడండి. చాలా బ్రాండ్లలో డాలరు ఖర్చుకు 10 పాయింట్లు ఇస్తారు, అదీ పన్ను తీసేసిన అద్దె మీద. డాలరు 90 రూపాయలనుకుంటే 4,500 రూమ్‌కి 500 పాయింట్లు. సిల్వర్‌కి దానిపై 10 శాతం, గోల్డ్‌కి 25 శాతం అదనం. అంటే గోల్డ్ వల్ల రాత్రికి మీకు ఎక్కువొచ్చేది 75 పాయింట్లు. వచ్చే ఏడాది కూడా 12 రాత్రులే ఉంటే మొత్తం 900. దీనికోసం మీ జేబులోంచి పోయేది పన్ను కాక 58,500 రూపాయలు!

ఆ 13 రాత్రులకూ పాయింట్లు వస్తాయి కదా అంటారేమో. వస్తాయి, ఏడు వేల పైచిలుకు. మామూలు హోటల్లో ఒక రాత్రికి సరిపోతే గొప్పే. పైగా ఫ్రీ రాత్రికి ఇన్ని పాయింట్లు అని ఉండే స్థిరమైన పట్టికను 2022లో ఎత్తేశారు. ఇప్పుడు డిమాండును బట్టి రేటు మారుతుంది.

మధ్యాహ్నం 2 గంటల చెకౌట్, కాస్త మంచి రూమ్ గోల్డ్‌లో ఉన్నాయి గానీ, రెండింటికీ ‘ఖాళీ ఉంటే’ అనే షరతుంది. ఉచిత టిఫిన్, లాంజ్ లాంటి అసలు సౌకర్యాలు 50 రాత్రుల ప్లాటినం దగ్గర మొదలవుతాయి, అవీ బ్రాండును బట్టి మారతాయి. మన దగ్గర కంపెనీ రేట్లలో టిఫిన్ చాలాసార్లు కలిసే ఉంటుంది కాబట్టి మీకు ఆ లాభమూ పెద్దగా మిగలదు. ప్రాజెక్టు పనిమీద వారానికి నాలుగు రాత్రులు హోటల్లో గడిపేవారి సంగతి వేరు. మూడు నెలల్లో వాళ్లు అడక్కుండానే ప్లాటినం వచ్చేస్తుంది. సాయంత్రం లాంజ్‌లో తిండి ఖర్చు నిజంగానే తగ్గుతుంది.

గోల్డ్ మీద మనసు చంపుకోలేకపోతే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2023లో తెచ్చిన బాన్‌వాయ్ క్రెడిట్ కార్డు ఉంది. ఏడాదికి 3,000 రూపాయల ఫీజు, జీఎస్టీ అదనం. 10 రాత్రుల జమ (మీ 12తో కలిపినా గోల్డ్‌కి ఇంకో 3 తక్కువే), 15,000 పాయింట్ల లోపు హోటల్లో ఒక ఫ్రీ రాత్రి ఇస్తుంది. ఆ ఫ్రీ రాత్రిని వాడుకుంటారనుకుంటేనే తీసుకోండి. అప్లై చేసే ముందు బ్యాంకు సైట్లో తాజా షరతులు చదవండి.

ప్రశ్న: మెంబర్‌షిప్ నంబరు ఇచ్చినా నా పోయినసారి బసకి పాయింట్లు పడలేదు. ఎందుకు?
– కరీంనగర్ పాఠకురాలు

జవాబు: ట్రావెల్ సైట్లో బుక్ చేసి ఉంటారు. అలాంటి బుకింగులకు చాలా హోటల్ గ్రూపులు పాయింట్లూ ఇవ్వవు, రాత్రులూ లెక్కలోకి తీసుకోవు. హోటల్ యాప్‌లోనే బుక్ చేసినా పడకపోతే, బిల్లు జతచేసి యాప్‌లోనే మిస్సింగ్ స్టే రిక్వెస్ట్ పెట్టండి. సైట్లో వెయ్యి రూపాయలు తక్కువకు దొరికితే మాత్రం పాయింట్లు వదిలేసి అక్కడే బుక్ చేసుకోవడం మేలు.

ప్రశ్న: ‘మీ హోటల్ పాయింట్లు రేపటితో రద్దు’ అని మెయిల్ వచ్చింది. లింకు నొక్కాలా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: నొక్కొద్దు. నేరుగా యాప్ తెరిచి చూసుకోండి. బాన్‌వాయ్‌లో అయితే 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతేనే పాయింట్లు పోతాయి. దొంగలకు ఈ ఖాతాలంటే ఇష్టం, ఎందుకంటే బ్యాంకు ఖాతాలాగా వీటిని రోజూ ఎవరూ చూసుకోరు. 2020లో సుమారు 52 లక్షల మంది అతిథుల వివరాలు బయటికి పోయాయని మారియటే ప్రకటించింది. తర్వాత 2024లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీతో కుదిరిన ఒప్పందంలో, కస్టమర్ అడిగితే ఖాతాను పరిశీలించి, దొంగిలించిన పాయింట్లను తిరిగి ఇవ్వాలనే షరతు కూడా పెట్టారు. మెయిల్‌కి వాడే పాస్‌వర్డే ఇక్కడా వాడుతుంటే ఈరోజే మార్చండి. రెండంచెల ధ్రువీకరణ ఆప్షన్ కనిపిస్తే ఆన్ చేయండి.