వ్యాసాల వేట కన్నా ముందు ప్రశ్న

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కాకినాడలో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మంచం పట్టిన రోగులకు పడే పుండ్ల మీద ప్రాజెక్టు ఇచ్చారు. నెట్‌లో వెతికితే వేలకొద్దీ వ్యాసాలు వస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఇదంతా రేపు ఉద్యోగంలో పనికొస్తుందా?

జవాబు: వేలకొద్దీ వస్తున్నాయంటే నీ ప్రశ్న ఇంకా విడిపడలేదన్నమాట. ముందు నోటుబుక్కు తియ్యమ్మా. రోగి ఎవరు, మనం చేసేదేమిటి, దాన్ని దేనితో పోలుస్తున్నాం, ఏ ఫలితం చూస్తున్నాం, ఈ నాలుగూ రాసుకో. దీన్నే పికో అంటారు. పక్షవాతంతో కదల్లేని పెద్దవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే, నాలుగు గంటలకోసారి తిప్పినదానికంటే పుండ్లు తగ్గుతాయా? ఇప్పుడది వెతకదగ్గ ప్రశ్న.

ఇక పబ్‌మెడ్ తెరువు, వైద్య వ్యాసాలను వెతికే వెబ్‌సైటు అది. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1996 నుంచి నడుపుతోంది, వెతకడం పూర్తిగా ఉచితం. చాలామంది ఒక్క పేరుతోనే వెతికి ఆగిపోతారు. ఈ పుండునే కొందరు బెడ్‌సోర్ అని, కొందరు ప్రెషర్ అల్సర్ అని రాస్తారు. 2016లో అమెరికా నిపుణుల సంఘం ప్రెషర్ ఇంజురీ అని పేరు మార్చింది. మూడింటినీ ఇంగ్లిష్‌లో టైప్ చేసి, మధ్యలో ‘ఆర్’ (ఏ ఒక్కటి ఉన్నా చాలని) పెట్టి, మొత్తాన్ని బ్రాకెట్లో ఉంచు. తర్వాత ‘యాండ్’ (ఇది కూడా ఉండాలని) పెట్టి రీపొజిషనింగ్, అంటే పక్కకు తిప్పడం, మళ్లీ ‘యాండ్’ పెట్టి స్ట్రోక్, అంటే పక్షవాతం. ఆర్, యాండ్ రెండూ పెద్దక్షరాల్లోనే కొట్టాలి. మరీ తక్కువ వస్తే స్ట్రోక్ తీసేయ్. పక్కకు తిప్పడం మంచాన పడ్డవాళ్లందరికీ అవసరమేగా. కొట్టిన మాటలు, తేదీ, ఎన్ని వచ్చాయో అప్పటికప్పుడే రాసిపెట్టుకో. గైడ్ అడిగేది అదే.

విడి వ్యాసాల కన్నా ముందు సిస్టమాటిక్ రివ్యూలు చూడు, ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి తూచేవి అవి. పక్కకు తిప్పడం మీదే, ఇలాంటి రివ్యూలు చేసే కాక్రేన్ సంస్థ రివ్యూ ఉంది, 2020లో కొత్త అధ్యయనాలతో మళ్లీ వచ్చింది. ఎన్ని గంటలకోసారి తిప్పాలన్నదానికి గట్టి ఆధారం లేదనే అందులో తేలింది. నిరాశపడకు, నీ ప్రాజెక్టుకి చోటు అక్కడే ఉంది.

ఉద్యోగం సంగతంటావా, తప్పకుండా పనికొస్తుంది. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో థీసిస్ రాయాలి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా వెళ్లినా, క్లినికల్ రీసెర్చ్‌లోకి వెళ్లినా ఈ పని చేతిలో ఉన్నవాళ్లే ముందుంటారని నా నమ్మకం.

పూర్తి వ్యాసానికి డబ్బులు అడిగితే కట్టకు. ఫ్రీ ఫుల్ టెక్స్ట్ ఫిల్టర్ పెట్టి చూడు, లైబ్రేరియన్‌ను అడుగు. అప్పటికీ దొరక్కపోతే వ్యాసంలో ఉన్న రచయిత మెయిల్‌కి రెండు ముక్కలు రాయి; చాలామంది పంపిస్తారు.