రక్షణ విధానంలో మానవ భద్రతకు చోటెక్కడ?

చిరంజీవికి ఆశీస్సులు.

రక్షణ విధాన పత్రంలో మానవ భద్రత, అంటే సరిహద్దులకన్నా మనుషుల క్షేమాన్ని ముందుంచే ఆలోచనపై అధ్యాయాన్ని రాసే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఇటువంటి పత్రాల తయారీలో చాలాకాలం గడిపినవాడిగా నా మొదటి సలహా ఏమిటంటే, వీలైతే ఆ అధ్యాయాన్ని విడిగా రాయవద్దు. విడి అధ్యాయాన్ని అందరూ మెచ్చుకుంటారు కానీ ఎవరూ అమలు చేయరు. దాడి లక్ష్యాల ఎంపిక, సమాచార సేకరణ, ఆయుధాల కొనుగోలు, శిక్షణ, బడ్జెట్ వంటి నిర్ణయాలు జరిగే చోటనే, దీనివల్ల సాధారణ ప్రజలకు ఏమవుతుందన్న ప్రశ్నను చేర్చు.

నేపథ్యానికి ఎక్కువ పుటలు అక్కరలేదు. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో రూపొందిన 1994 నాటి ఐక్యరాజ్య సమితి మానవాభివృద్ధి నివేదిక, భద్రతను సరిహద్దుల నుంచి మనిషి వైపు తిప్పి, ఆర్థికం, ఆహారం, ఆరోగ్యం, పర్యావరణం, వ్యక్తి, సమాజం, రాజకీయం అనే ఏడు పార్శ్వాలను పేర్కొంది. ఐక్యరాజ్య సమితి శరణార్థుల హైకమిషనర్‌గా పనిచేసిన సడాకో ఒగాటా, ఆర్థికవేత్త అమర్త్య సేన్ సహాధ్యక్షులుగా ఉన్న మానవ భద్రతా కమిషన్ 2003లో దీనికి రెండు మార్గాలు చూపింది: ప్రభుత్వాలూ సంస్థలూ కల్పించే రక్షణ ఒకటి, ప్రజలు తమ కాళ్లమీద తాము నిలబడగలిగే సాధికారత రెండవది. రక్షణ శాఖలు మొదటిదాన్ని వెంటనే అందిపుచ్చుకుంటాయి, రెండవదాన్ని మరచిపోతాయి.

అయితే ఆ ఏడు పార్శ్వాలనూ సైన్యం భుజాన వేయవద్దు. అంటువ్యాధి, కరవు, నిరుద్యోగం అన్నీ భద్రతా సమస్యలే అన్న మాట వినడానికి బాగుంటుంది కానీ, దాని వెంటే నిధులూ అధికారాలూ పౌర శాఖల నుంచి సైన్యానికి తరలిపోయే ప్రమాదం ఉంది. 2012లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన 66/290 తీర్మానం, మానవ భద్రత అన్న భావనలో బలప్రయోగానికీ, బలప్రయోగపు బెదిరింపుకూ తావులేదని స్పష్టంగా చెప్పింది. ఆ వాక్యాన్ని నీ పత్రంలో యథాతథంగా ఉంచమని గట్టిగా కోరుతున్నాను.

ఇక నీ శ్రమలో ఎక్కువ భాగం దాడి లక్ష్యాల ఎంపికపై పెట్టు. ఒక విద్యుత్ కేంద్రాన్ని లక్ష్యంగా ప్రతిపాదించే అధికారికి శత్రువు రాడార్లూ ఆజ్ఞా కేంద్రాలూ ఆగిపోవడమే కనిపిస్తుంది. కానీ అదే విద్యుత్తుపై తాగునీటి పంపులు, మురుగునీటి శుద్ధి, ఆసుపత్రుల శస్త్రచికిత్స గదులు, టీకాల శీతల నిల్వలు ఆధారపడి ఉంటాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ విద్యుత్ కేంద్రాలపై బాంబు దాడుల తరువాత నీటి సరఫరా, మురుగు పారుదల కుంటుపడి, కలుషిత నీటి వల్ల వచ్చే వ్యాధులు ప్రబలాయి. అటువంటి మరణాలు బాంబు పడిన రోజు లెక్కలోకి రావు, పడిన చోట కనిపించవు. తాగునీటి వ్యవస్థల వంటి జీవనాధారాలను కాపాడాలనీ, దాడికి ముందు జాగ్రత్తలు తీసుకోవాలనీ యుద్ధ నియమాలను నిర్దేశించే జెనీవా ఒప్పందాల 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్ చెబుతోంది. అది కనీస హద్దు మాత్రమే. ప్రతి లక్ష్యపు దస్త్రంలోనూ ఒక ఇంజనీరు, ఒక ప్రజారోగ్య నిపుణుడు రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలన్న నియమం పెట్టు. ప్రత్యామ్నాయ విద్యుత్ ఎన్ని రోజులు నిలుస్తుంది, మరమ్మతుకు కావలసిన విడిభాగాలు ఎంతకాలానికి వస్తాయి, ఈలోగా నీరు ఎవరికి అందదు అన్న ప్రశ్నలకు అందులో సమాధానాలు ఉండాలి.

సైనికాధికారులు అభ్యంతరం చెప్పినప్పుడు ఓపికగా విను. ఉదాహరణకు, మనుషులపై పేలే మందుపాతరలను నిషేధించే ఒప్పందంపై 1997 డిసెంబరులో కెనడా రాజధాని ఒట్టావాలో 122 దేశాలు సంతకం చేశాయి. యుద్ధం ముగిసి సైన్యాలు వెళ్లిపోయిన తరువాత కూడా రైతులనూ పిల్లలనూ బలిగొనే ఆయుధం సైనికంగా ఎంత ఉపయోగపడినా తగదన్న వాదన అప్పుడు నెగ్గింది. 2025లో కొన్ని ఐరోపా దేశాలు, పొరుగునున్న రష్యా ముప్పును చూపి, ఆ ఒప్పందం నుంచి వైదొలగాలని నిర్ణయించాయి. ఆ నిర్ణయం నాకు బాధ కలిగించింది, కానీ ఆ దేశాల భయం కల్పితం కాదు. సరిహద్దు రక్షణకు ఏ ప్రత్యామ్నాయాలు ఉన్నాయో చూపకుండా కేవలం మానవత్వం పేరుతో వాదిస్తే నీ మాట ఎవరూ వినరు.

చివరిగా, పౌర నష్టం, అంటే దాడుల్లో సాధారణ ప్రజలకు జరిగే హాని నమోదు గురించి. దాడి చేసిన దళమే తన దాడి ఫలితాన్ని విచారించే పద్ధతిని ఒప్పుకోవద్దు. బాధిత కుటుంబం భయపడకుండా ఫిర్యాదు చేయగల మార్గం, దాన్ని పరిశీలించే వేరే అధికారి, పరిహారానికి ముందే కేటాయించిన నిధి, ఆ పాఠాలు తదుపరి శిక్షణలోకి చేరే ఏర్పాటు, ఈ నాలుగింటినీ పత్రంలో పదవులతో, గడువులతో సహా రాయి. 2022లో అమెరికా రక్షణ శాఖ పౌర నష్టం తగ్గింపుపై ప్రకటించిన కార్యాచరణ ప్రణాళికను దీనికోసం శ్రద్ధగా చదువు.

ముసాయిదాలో ముందుగా ఈ నమోదు భాగాన్నే నాకు పంపు. ఎవరికి ఏ అధికారం ఇచ్చావో చూసిన తరువాత మిగతాది చదువుతాను.

నీ శ్రేయోభిలాషి