డయాలసిస్ టెక్నీషియన్‌కు ఏం కానుక ఇవ్వాలి? మా నాన్నగారి విషయంలో మేం చేసింది

మీ అమ్మగారికి ఆర్నెల్లుగా ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్ చేస్తున్న టెక్నీషియన్‌కు దసరాకి ఏదైనా ఇవ్వాలనుంది, డబ్బు ఇవ్వొచ్చా, వెండి వస్తువు బాగుంటుందా అని అడిగారు. రెండూ వద్దండి. ఎందుకంటున్నానో మా ఇంట్లో జరిగింది చెబితే అర్థమవుతుంది.

మా నాన్నగారు లెక్కల మాస్టారు. రిటైరైన కొన్నాళ్లకే కిడ్నీలు దెబ్బతిన్నాయి. మూడేళ్లకు పైగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, జిల్లా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ చేయించుకున్నారు. డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చి చూసి వెళ్లేవారు. మిగతా సమయమంతా టెక్నీషియన్ అబ్బాయిదే బాధ్యత. ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపి చేసిన ఏర్పాటు) ఉన్న చేతికి రెండు లావుపాటి సూదులు గురి తప్పకుండా గుచ్చే మనిషి ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పక్కర్లేదు. అతను ముందు వేళ్లు ఆనించి, నరం జుమ్మంటున్న చోటు చూసుకుని, "మాస్టారూ, గట్టిగా ఊపిరి పీల్చండి" అంటూ గుచ్చేవాడు. అతను సెలవు పెట్టాడంటే నాన్నగారికి ముందు రోజు రాత్రి నుంచే టెన్షన్.

మొదటి సంక్రాంతికి నేను రెండు వేలు కవర్లో పెట్టి అతని చేతికిచ్చాను. పండగ కానుక అనే ఇచ్చాను, మనసులో ఇంకేం లేదు. అతను కవరు తెరవకుండానే వెనక్కిచ్చేశాడు. "నేనిది తీసుకుంటే పక్క మంచం వాళ్లు కూడా ఇవ్వాలేమో అనుకుంటారు సార్. వాళ్లలో ఆటో ఛార్జీలకే అప్పు చేసి వచ్చేవాళ్లున్నారు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు చాలా బాధేసింది. అదే గదిలో వారానికి మూడు రోజులు కూర్చుంటూ కూడా పక్క మంచం గురించి నేను ఆలోచించలేదు.

చట్టం సంగతీ ఉంది. ప్రభుత్వోద్యోగులు కానుకలు తీసుకోవడానికి 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో పరిమితులున్నాయి. 1988 అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక, లంచం తీసుకున్నవాళ్లే కాదు, ఇచ్చినవాళ్లూ నేరస్తులే. మీరు ఇవ్వాలనుకున్నది లంచం కాదని నాకు తెలుసు. కానీ వైద్యం నడుస్తుండగా వెండి వస్తువు చేతులు మారితే చూసేవాళ్లు ఏమైనా అనుకోవచ్చు. ఆ మాట పడాల్సింది ఆ అబ్బాయి.

తినేవి ఇవ్వొచ్చు, కానీ ఎక్కడ ఎలా ఇస్తామన్నది చూసుకోవాలి. మా అమ్మ ఒకసారి దొడ్లో కాసిన చక్కెరకేళి అత్తం పంపింది. నేను తీసుకెళ్లి యూనిట్‌లోనే బల్ల మీద పెట్టాను. సిస్టర్ గారు వెంటనే లోపలి గదిలోకి తీసుకెళ్లిపోయారు. అరటిపండులో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ వాళ్లకు అది గుండె మీదకు వస్తుంది. నోరు కట్టేసుకుని పడుకున్న పదిమంది కళ్ల ముందు నేను పళ్లు పెట్టానన్నమాట. తర్వాత నుంచి పూతరేకులు గానీ సున్నుండలు గానీ చిన్న పొట్లాలుగా కట్టించి, షిఫ్టు అయ్యాక బయట ఇచ్చేవాళ్లం. ఒక్కరికే కాదు, షిఫ్టులో ఉన్న అందరికీ. ఆయాకి, గది తుడిచే ఆమెకి కూడా. మే 12న నర్సుల దినోత్సవం, జూలై 1న డాక్టర్ల దినోత్సవం వస్తాయి కాబట్టి వాళ్లను ఎవరో ఒకరు తలుచుకుంటారు. తుడిచే ఆమెను ఎవరూ తలుచుకోరు. పొట్లం అందుకుని ఆమె "నాక్కూడానా బాబూ" అని అడగడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం నాన్నగారు రాసిన ఉత్తరం. ఒకరోజు మూడో గంటలో ఆయనకు బీపీ ఒక్కసారిగా పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది. ఆ అబ్బాయి పరుగున వచ్చి తల వైపు కిందికి దించి, కాళ్లు ఎత్తించి, సెలైన్ వదిలి, డాక్టరు గారికి కబురు పంపి, బీపీ మళ్లీ అందుకునేదాకా పక్కనే నిలబడ్డాడు. కోలుకున్నాక నాన్నగారు మంచం మీదే, ఎడమ చేతికి సూదులుండగా, కుడి చేత్తో రెండు పేజీలు రాశారు. లెక్కల మాస్టారు కదా, తేదీ, టైము, బీపీ ఎంతకు పడింది, ఎన్ని నిమిషాల్లో మామూలైంది, అన్నీ వేశారు. ఊరికే 'బాగా చూసుకున్నారు' అని రాయలేదు. ఒక ప్రతి సూపరింటెండెంట్ గారికి, ఒక ప్రతి ఆ అబ్బాయికి. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం. తర్వాతి ఏడాది వేరే ఆసుపత్రిలో ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు సర్టిఫికెట్లతో పాటు ఆ ఉత్తరం జిరాక్సు కూడా పెట్టానని చెప్పాడు. అసలు కాగితాన్ని లామినేషన్ చేయించుకున్నాడు.

నాన్నగారు పోయాక ఏడాది తిరిగిన రోజున సూపరింటెండెంట్ గారి అనుమతి అడిగి యూనిట్‌కి ఇరవై దుప్పట్లు ఇచ్చాం. అక్కడ ఏసీ, పైగా ఒంట్లోని రక్తం బయట మిషన్‌లో తిరుగుతుంటే చాలామందికి చలి పుడుతుంది. నాన్నగారైతే ఎండాకాలంలో కూడా శాలువా అడిగేవారు. ఉతికితే తట్టుకునే రకం ఏదో సిస్టర్ గారినే అడిగి కొన్నాం. దుప్పట్ల మీద పేర్లేమీ వేయించలేదు.

మీరు దసరాకి షిఫ్టులో అందరికీ తలా ఒక చిన్న స్వీటు పొట్లం ఇవ్వండి, అదీ డ్యూటీ అయ్యాక. ఉత్తరం మాత్రం మీ అమ్మగారి చేత రాయించండి. ఆమె రాయలేకపోతే ఆమె చెబుతుండగా మీరు రాసి సంతకం చేయించండి. అందులో టెక్నీషియన్ పూర్తి పేరు, ఏ షిఫ్టు, ఏ రోజు ఏం చేశాడు అన్నవి ఉండాలి. ఒక ప్రతిని ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించి, దాన్ని అతని చేతికివ్వండి.