వెన్నుపాములో ఇన్‌ఫ్లమేషన్ వచ్చినప్పుడు సెల్ అడ్హీషన్ మాలిక్యూల్స్ ఏం చేస్తాయి?

సింపుల్‌గా చెప్పాలంటే రక్తంలో తిరిగే తెల్లకణాలు వెన్నుపాములోకి దిగడానికి పట్టు ఇచ్చేవి ఇవే. మామూలుగా అక్కడి రక్తనాళాల గోడ చాలా బిగుతుగా ఉంటుంది, తెల్లకణాలు పెద్దగా లోపలికి పోలేవు. కానీ దెబ్బ తగిలినా, మల్టిపుల్ స్క్లెరోసిస్ (శరీర రక్షణ కణాలే మెదడు, వెన్నుపాము నరాల మీద దాడి చేసే జబ్బు) లాంటిది వచ్చినా టీఎన్ఎఫ్, ఐఎల్-1 లాంటి ఇన్‌ఫ్లమేషన్ సిగ్నల్స్ రిలీజ్ అయ్యి, ఆ గోడ కణాల మీద ఐక్యామ్-1, వీక్యామ్-1 అనే అడ్హీషన్ ప్రొటీన్లు బాగా పెరిగిపోతాయి. అప్పుడు పక్కనుంచి పోతున్న తెల్లకణం ముందు సెలెక్టిన్లు అనే, వదులుగా పట్టుకునే ప్రొటీన్ల వల్ల స్లో అయ్యి గోడ మీద దొర్లుతుంది, తర్వాత ఆ తెల్లకణం మీదున్న ఇంటిగ్రిన్లు అనే పట్టు ప్రొటీన్లు యాక్టివేట్ అయ్యి (ఎల్ఎఫ్ఏ-1 వెళ్లి ఐక్యామ్-1ని, వీఎల్ఏ-4 వెళ్లి వీక్యామ్-1ని) గట్టిగా పట్టుకుంటాయి, ఇక అక్కడ్నుంచి గోడ దాటి లోపలికి జారిపోతుంది. లోపలికెళ్లాక మైలిన్ పొర (నరాల చుట్టూ ఉండే తొడుగు), నరాలు దెబ్బతినడం మొదలవుతుంది.

నాకు ముఖ్యం అనిపించేది ఏంటంటే ఈ పట్టుని ఆపితే మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బుని అడ్డుకోవచ్చని 1992లోనే జంతువుల్లో చూపించారు, ఆల్ఫా-4 ఇంటిగ్రిన్‌ని (పైన చెప్పిన వీఎల్ఏ-4లో ఒక భాగం) అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చి. దాన్నుంచే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి నటాలిజుమాబ్ మందు వచ్చింది, 2004లో అమెరికాలో అప్రూవ్ అయ్యింది. కాకపోతే తెల్లకణాల కాపలా తగ్గితే చాలామంది ఒంట్లో మామూలుగా నిద్రాణంగా ఉండే జేసీ వైరస్ మెదడుని పాడుచేసే పీఎంఎల్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, అందుకే 2005లో ఆపేసి 2006లో గట్టి కండిషన్లతో మళ్లీ తెచ్చారు, ఇప్పుడు కూడా జేసీ వైరస్ యాంటీబాడీ టెస్ట్ చూసుకుంటూ ఇస్తారు.

ఇంకొకటి, దెబ్బ తర్వాత వచ్చే తెల్లకణాలన్నీ చెడ్డవి కావు, కొన్ని చెత్త క్లీన్ చేసి మాన్పడానికి కూడా పనికొస్తాయి, కాబట్టి అన్నిట్నీ ఒకేసారి ఆపేయడం కరెక్ట్ కాదు.